నెల్లూరులో సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కూపే టెస్ట్ డ్రైవ్‌కి పోతున్నారా? ముందు బంపర్ కింద వంగి చూడండి

మినీ బైపాస్ మీద ఒక సెకండ్ హ్యాండ్ కార్ల షోరూంలో ఎర్ర స్పోర్ట్స్ కూపే, అంటే రెండు డోర్ల కారు, ఒకటి అమ్మకానికి ఉంది. కర్ణాటక నంబరు, చెప్పే రేటు 24 లక్షలు. షోరూం పేరు రాయను, కారు పేరు కూడా రాయను, ఎందుకంటే ఇందులో కారు తయారు చేసిన కంపెనీ తప్పేం లేదు. కానీ అలాంటి కారు చూడ్డానికి పోయేవాళ్లు ఇది చదివి పోండి. నాకు పడిన బొక్క ఇంకొకరికి పడకూడదు.

మాది రొయ్యల చెరువుల సంసారం. రెండు పంటలు కలిసొచ్చిన ఏడాది సెకండ్ హ్యాండ్‌లోనే పోర్షే 718 కేమన్ కొన్నాను. ఇంజను సీట్ల వెనకాల ఉండే బండి, రెండు లీటర్ల టర్బో, 300 హార్స్‌పవర్, తోలితే ఆ సుఖమే వేరు. కాకపోతే ఉండేవి రెండే సీట్లు, బండికి చిన్న రిపేరు ఉన్నా దాదాపు 175 కిలోమీటర్లు చెన్నై పోవాలి, చెరువుల దగ్గరికి తీసుకెళ్తే నా ప్రాణం అరచేతిలో ఉంటుంది. అందుకే పేరుకైనా వెనక సీట్లుండి, ఊళ్లో భయం లేకుండా తిప్పుకునే చవక కూపే ఒకటి చూద్దామని మా వాణ్ణి తీసుకుని కేమన్‌లోనే పోయాను. అదే నేను చేసిన మొదటి తప్పు. బండి దిగుతుండగానే వాళ్లకి లెక్క అర్థమైపోయింది.

"పోర్షే నడిపే మీకు మేం చెప్పేదేముందన్నా" అన్నాడు సేల్స్ కుర్రాడు. ఆ ఒక్క మాటతో నా నోరు మూయించాడు. మామూలుగా అయితే వంద ప్రశ్నలు అడిగేవాణ్ణి, ఆ పొగడ్తకి ఉబ్బిపోయి తెలిసినవాడిలా చుట్టూ ఒక రౌండ్ వేసి "సరే పోదాం పద" అన్నాను. బానెట్ మీద చెయ్యి పెడితే వేడిగా ఉంది. మేం వస్తున్నామని ఫోన్ చేసిన గంటలో ఎవరో బాగా తిప్పి పెట్టారన్నమాట, చల్లటి ఇంజను స్టార్ట్ చేస్తే ఏం చప్పుడు వస్తుందో, ఎంత పొగ వస్తుందో మనకి తెలియకుండా. అది గమనించి కూడా ఊరుకున్నాను.

తర్వాత టెస్ట్ డ్రైవ్‌కి డిపాజిట్ అని 20 వేలు ఫోన్‌పే చేయించుకున్నారు, నా ఒరిజినల్ లైసెన్సు కౌంటర్‌లో పెట్టుకున్నారు, ఇంగ్లీషులో ఉన్న ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. పెట్టాను. చదవలేదు. నలభై లక్షల మేత బిల్లుని మూడుసార్లు చూసేవాణ్ణి, అరపేజీ కాగితం చదవలేదు.

నిజం చెప్పాలంటే డ్రైవ్ బాగానే ఉంది. అయ్యప్ప గుడి సెంటర్ దాటి హైవే ఎక్కాక కారు నిలకడగా పోయింది, స్టీరింగ్ కేమన్ అంతగా రోడ్డు కబుర్లు చేతికి చెప్పదు గానీ ఈ రేటుకి వంక పెట్టలేం. ఇబ్బందల్లా తిరుగు దారిలో ట్రాఫిక్‌లో వచ్చింది. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు తనే మార్చుకునేది, ఫస్ట్ నుంచి సెకండ్‌కి మారేటప్పుడు వణికింది, బండి వేడెక్కేకొద్దీ ఇంకా ఎక్కువైంది. లోపలి క్లచ్ ప్లేట్లు అరిగిన లక్షణం అది, మార్చాలంటే లక్షల్లో పని. అందుకే చెప్తున్నా, ఇలాంటి బండిని హైవే మీద ఉరికించి మురిసిపోకండి, పది నిమిషాలు ట్రాఫిక్‌లో పాకించండి.

అక్కడ కుర్రాడు "మెయిన్ రోడ్డు జామ్ అన్నా, సందులోంచి పోదాం" అని లోపలికి తిప్పించాడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్‌బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, 25 స్పీడులో మెత్తగా ఎక్కి దిగాలి. ఆ సందులో ఉన్నది రాత్రికి రాత్రి సిమెంటు పోసి కట్టిన గట్టు. కేమన్‌తో ఇన్నేళ్లుగా అలవాటే కాబట్టి ఏటవాలుగా, నడిచే స్పీడులో ఎక్కించాను. కింద సన్నగా గర్‌మని శబ్దం. కుర్రాడు వెంటనే "తగిలిందన్నా" అన్నాడు. అదేదో దానికోసమే కాచుకున్నట్టు.

షోరూంకి రాగానే మెకానిక్ సిద్ధం. కింద పడుకుని చూసి, ముందు బంపర్ కింది లిప్, అంటే అడుగున అంచులా ఉండే పట్టీ, విరిగిందన్నాడు. మార్చాలంటే 65 వేలు, కాగితంలో సంతకం పెట్టారుగా అన్నారు. నేను తగ్గలేదు, మేనేజర్ వచ్చాడు, నలుగురూ చేరారు. "అంత పెద్ద కారున్న వాళ్లు ఈ మాత్రానికి గొడవేందన్నా" అని ఒక సన్నాయి నొక్కు కూడా. అప్పుడు మా వాడు ఫోన్ తీశాడు. పోగానే ఇన్‌స్టాలో పెట్టుకోడానికి కారు ముందు వంగి ఫొటోలు తీసుకున్నాడు, అందులో ఒకదాన్ని పెద్దది చేసి చూస్తే లిప్‌కి ఎడమ పక్క రెండు నల్ల జిప్ టైలు, అదే బిగించి కట్టే ప్లాస్టిక్ పట్టీలు, కనిపిస్తున్నాయి. విరిగిన లిప్‌ని కట్టి పెట్టారు, ఏ గట్టు తగిలినా ఊడేలా. ఫొటో మీద టైముంది, మేం బండి ఎక్కకముందుది.

మాటలు పడిపోయాయి. లైసెన్సు ఇచ్చారు. డిపాజిట్‌లో 12 వేలు వెనక్కి వచ్చాయి, మిగతా 8 వేలు "క్లీనింగ్, పెట్రోలు" అట, ఇంకా రాలేదు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను.

అసలు ఒళ్లు జలదరించింది ఇంటికొచ్చాక. బండి వివరాలు చూపించే గవర్నమెంటు యాప్ ఎంపరివాహన్‌లో నంబరు కొడితే ఇన్సూరెన్స్ అయిపోయి రెండు నెలలైంది. ఇన్సూరెన్స్ లేని బండి రోడ్డెక్కితే మొదటిసారి 2,000 ఫైనో, మూడు నెలల వరకు జైలో, రెండూనో పడొచ్చు, అది నడిపినవాడికీ వర్తిస్తుంది. ఆ సందులో ఏ పిల్లాడైనా అడ్డం వచ్చి ఉంటే? కేమన్ కూడా అమ్ముకోవాల్సి వచ్చేదేమో.

కాబట్టి తాళం తీసుకోకముందే యాప్‌లో ఇన్సూరెన్సు, లోను బాకీ చూసుకోండి. కారు చుట్టూ, ముఖ్యంగా బంపర్ కింద, వాళ్ల మనిషి కూడా ఫ్రేములో పడేలా వీడియో తీయండి. ఒరిజినల్ లైసెన్సు ఇవ్వకండి, డిజిలాకర్‌లోది చెల్లుతుంది, చూపిస్తే చాలు. డిపాజిట్ అడిగితే రసీదు మీద అది దేనికో రాయించుకోండి, రాయనంటే వచ్చేయండి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, చివరి రెండూ తయారైన ఏడాది. ఈ కారు వెనక టైర్లు 2016వి, మాట మాత్రం "టైర్లు కొత్తవేనన్నా". పక్క రాష్ట్రం బండి అయితే ఎన్ఓసీ (అక్కడి ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదన్న కాగితం) ఉందో లేదో, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ రేటులో కలిపి చూసుకోండి, అది తక్కువేం కాదు.

మొన్న ఆదివారం అటుగా పోతూ చూశాను. ఎర్ర కారు అక్కడే ఉంది. రేటు 23న్నర చేశారు, లిప్‌కి కొత్త పెయింట్ మెరుస్తోంది. మా వాడు దిగి చూసొచ్చాడు, జిప్ టైలు ఇప్పుడు మూడున్నాయట.