బండి ఆపితే ఏం చూపాలి: ఫోనా, కాగితాలా?

జడ్చర్ల హైవేపైనో, నకిరేకల్ దగ్గరో పోలీసులు ఆపితే గొడవ ఎక్కువగా కాగితాల దగ్గరే మొదలవుతుంది.

చెల్లుబాటు: ప్రభుత్వ యాప్‌లైన డిజిలాకర్, ఎం-పరివాహన్‌లోని లైసెన్స్, ఆర్‌సీ అసలు వాటితో సమానమే, 2018లో కేంద్ర మోటారు వాహన నిబంధన 139ని అందుకే మార్చారు. వాట్సాప్‌లో దాచిన ఫొటో మాత్రం చెల్లదు. సగం తగాదాలు దీనివల్లే.

ఖర్చు: యాప్ ఉచితం. కార్డు పోతే ఫిర్యాదు, ఫీజు, ఆర్టీఏ చుట్టూ తిరుగుడు.

రిస్క్: ఫోన్‌లో చార్జింగ్, సిగ్నల్ రెండూ ఉండాలి. మన్ననూరు దాటి శ్రీశైలం అడవిలోకి పోతే సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. పైగా ఫోన్ చేతికిస్తే మీ సొంత విషయాలు బయటపడతాయి. స్క్రీన్ చూపండి, క్యూఆర్ స్కాన్ చేయనివ్వండి, ఫోన్ ఇవ్వకండి. కార్డు స్వాధీనం చేసుకుంటే మోటారు వాహన చట్టం సెక్షన్ 206 కింద రసీదు ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

భద్రత: ఏది చూపినా ముందు ఎడమకు ఆపి ఇంజన్ ఆపాలి. రాత్రయితే కారు లోపలి లైటు వేయాలి. "డిక్కీలో ఉన్నయి సార్, తీస్తున్నా" అని చెప్పి తీస్తే కానిస్టేబుల్‌కూ కంగారుండదు.

రోజూ పట్నంలో తిరిగేవారికి యాప్ చాలు. అడవి దారి, దూర ప్రయాణం, పాత ఫోన్ అయితే కార్డులే జేబులో పెట్టుకోండి.