పంచతంత్రం బొమ్మల పుస్తకం కొనేముందు దమనకుడి పేజీ తెరవండి

పుస్తక ప్రదర్శనల్లో పిల్లల స్టాళ్ల దగ్గర పంచతంత్రం ఎక్కువగా మూడు రూపాల్లో కనిపిస్తుంది. కథకొకటి చొప్పున పిన్నులు కొట్టిన పల్చటి పుస్తకాలు, నిగనిగలాడే కాగితం మీద బోలెడన్ని కథలు కుక్కిన గట్టి అట్ట పుస్తకాలు, బొమ్మలు తగ్గించి మాట నిండుగా ఉంచిన పెద్ద పుస్తకాలు. చాలామంది అట్ట, ధర చూసి కొనేస్తారు. అసలు చూడాల్సింది వేరే ఉంది. మోసం ఎలా జరిగిందో పుస్తకం చెబుతోందా, జరిగిందని మాత్రమే చెప్పి ఊరుకుంటోందా? స్టాల్లో నిలబడి పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు.

ముందు మిత్రభేదం, అంటే స్నేహాలు విరిగే భాగం, అందులోని ప్రధాన కథ తెరవండి. పింగళకుడనే సింహం యమునలో నీళ్లు తాగబోయి, సంజీవకుడనే ఎద్దు రంకె విని జడుసుకుంటుంది. ఆ భయాన్ని కనిపెట్టింది దమనకుడనే నక్క. ఎద్దును తీసుకొచ్చి స్నేహం కలిపిందీ దమనకుడే. ఆ స్నేహం ముదిరి తన తిండికీ పలుకుబడికీ ఎసరు వచ్చేసరికి విడగొట్టే పనిలో పడతాడు. ఎద్దు నీ రాజ్యం మీద కన్నేసిందని సింహంతోనూ, రాజు నిన్ను చంపబోతున్నాడని ఎద్దుతోనూ చెబుతాడు. చాడీ అంతటితో పూర్తి కాదు. కొమ్ములు ముందుకు పెట్టుకుని వస్తే నా మాట నిజమనుకో అని సింహానికి, తోక ఎత్తి, చెవులు నిక్కించి, నోరు తెరుచుకుని చూస్తే నిజమనుకో అని ఎద్దుకు గుర్తులు చెప్పిపెడతాడు. మర్నాడు బెదిరిపోయి బిగుసుకున్న ఇద్దరూ ఒకరికొకరు అచ్చం అలాగే కనబడతారు. కథకు గుండెకాయ ఇదే. పల్చటి పుస్తకాల్లో ఇది తరచుగా "నక్క లేనిపోనివి చెప్పింది, సింహం ఎద్దును చంపింది" అన్న రెండు ముక్కలకు కుదించుకుపోతుంది. అప్పుడు పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే: సింహం వెళ్లి ఎద్దునే అడగొచ్చుగా? గుర్తులు ఎగిరిపోయిన పుస్తకంలో దానికి జవాబు ఉండదు.

ముగింపు కూడా చూడండి. సంస్కృత మూలంలో దమనకుడికి శిక్ష పడదు. సింహం ఏడుస్తుంది, నక్క ఓదారుస్తుంది, పదవిలో ఉండిపోతుంది. ఇది మింగుడుపడక ఎనిమిదో శతాబ్దంలో అరబ్బీలోకి తెచ్చిన ఇబ్నుల్ ముకఫా నక్క మీద విచారణ జరిపే అధ్యాయమే చేర్చాడు. సాక్ష్యాలు, వాదనలు ఉన్న అధ్యాయం అది. శిక్ష వేయదలిస్తే అలా వేయాలి. ఆఖరి వాక్యంలో హడావిడిగా నక్కను అడవి నుంచి తరిమేస్తే ఆ అతుకు పిల్లలకూ తెలిసిపోతుంది.

ఆశ పెట్టే కథకు పరీక్ష ముసలి పులి, బంగారు కంకణం. చేతిలో దర్భ, గోళ్లూ పళ్లూ ఊడిపోయాయన్న మాట, ఒకప్పటి పాపాలు ఒప్పుకోవడం, ముందు స్నానం చేసి రమ్మనడం, బాటసారి బురదలో దిగబడ్డాక "భయపడకు, నేను లేవదీస్తాను" అనడం. ఈ మెట్లు వరసగా ఉండాలి. పులి కంకణం చూపించగానే బాటసారి పరిగెత్తాడని రాస్తే వాడు ఉత్త తెలివితక్కువవాడవుతాడు. ఈ కథకు మూలమైన హితోపదేశమనే సంస్కృత కథల పుస్తకంలో అతను అనుమానిస్తాడు, ప్రశ్నలు వేస్తాడు, ప్రతి ప్రశ్నకూ పులి దగ్గర సిద్ధంగా ఉన్న జవాబుకు లొంగుతాడు.

ద్రోహానికి లేడి, కాకి, నక్క కథను మించింది లేదు. పైరు చూపించి ఆశపెట్టిన నక్క, లేడి ఉచ్చులో పడగానే చెప్పే సాకు వెతకండి: తాళ్లు నరాలతో చేసినవి, ఇవాళ ఆదివారం, పంటితో తాకకూడదు, తెల్లవారి చూద్దాం. ఈ ఆదివారం ముక్క తీసేసి "నక్క నవ్వుతూ పొదలో దాక్కుంది" అని రాసేస్తే నక్క దుష్టపాత్ర అవుతుంది గానీ, మంచిమాటతో తప్పుకునే స్నేహితుడు మాయమవుతాడు. పిల్లలకు బడిలో ఎదురయ్యేది ఆ రెండోవాడే. లేడి పొట్ట ఉబ్బించి, కాళ్లు బిగదీసి చచ్చినట్టు పడుకోవడం, కాకి కన్ను పొడుస్తున్నట్టు నటించడం మాత్రం ఎవరూ వదలరు, బొమ్మకు బాగుంటుంది కనక.

స్నేహం కథలకు ఒకే పరీక్ష చాలు. వల ఎత్తుకొచ్చిన పావురాల కథలో హిరణ్యకుడనే ఎలుక ముందుగా రాజు చిత్రగ్రీవుడి కట్లు కొరకబోతే, అతను ముందు నావాళ్లవి కొరకమంటాడు. ఆ మాట లేని పుస్తకం పక్కన పెట్టేయవచ్చు.

కథల వరస గురించి కూడా ఒక మాట. సంస్కృత పంచతంత్రం మిత్రభేదంతో మొదలవుతుంది. చిన్నయసూరి 1853లో అచ్చువేసిన నీతిచంద్రికలో స్నేహాలు కలిసే మిత్రలాభం ముందు, మిత్రభేదం తర్వాత. పిల్లలకు ఈ రెండో వరసే నయం. స్నేహం రుచి తెలియని వయసులో ద్రోహం కథ ఉత్త జంతువుల కొట్లాటగా మిగులుతుంది. సూరి వచనం గ్రాంథికం, పిల్లల చేతికివ్వలేం. పెద్దలు పక్కన పెట్టుకుని కథలో ఏది ఎగిరిపోయిందో సరిచూసుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

ఇక అచ్చు సంగతి. రంగుల బొమ్మ మీదే అక్షరాలు వేసిన పేజీల్లో ఒత్తులు కనబడవు. "క్షుద్రబుద్ధి", "చిత్రగ్రీవుడు" లాంటి పేర్లున్న పేజీ తెరిచి చేయి చాచినంత దూరంలో చదివి చూడండి. నక్కను ఎర్రటి ఒళ్లు, తెల్లటి తోక కొనతో గీశారంటే బొమ్మలు చలిదేశాల నుంచి అరువు తెచ్చినవే. సంజీవకుడికి మూపురం లేకపోయినా అంతే. బొమ్మల్ని అరువు తెచ్చినచోట వాక్యాలు కూడా అనువాదం వాసన కొట్టడం మామూలే. పిన్నుల పుస్తకాల్లో మధ్య కాగితం మొదట ఊడుతుంది, కొన్నరోజే వీపుకు టేపు వేస్తే మేలు. గట్టి అట్ట పుస్తకంలో జిగురు మాత్రమే ఉందా, దారం కుట్టు కూడా ఉందా చూడాలి. జిగురుదైతే పూర్తిగా విప్పి పరిచినప్పుడు వీపు పగులుతుంది.

అయిదారేళ్ల వాళ్లకు పిన్నుల పుస్తకాలే చాలు: పావురాలు, కోతి–మొసలి, హంసలు–తాబేలు. కోతి–మొసలిలో మొసలి నడినీటిలో తటపటాయించి నిజం కక్కేసే ఘట్టం ఉండాలి. భార్య గయ్యాళితనం మీదే రెండు పేజీలు నడిపే పుస్తకాలు వద్దు. ఎనిమిదేళ్లు దాటితే పెద్ద పుస్తకం కొనండి, విషయసూచికలో ఒంటె కథ ఉందేమో చూసి. సింహం అభయమిచ్చిన ఒంటె అది. సింహం గాయపడి ఆకలితో ఉంటే కాకి, నక్క, పులి వరసగా "నన్ను తినండి ప్రభూ" అంటాయి, వాటినెవరూ తినరు. అది చూసి ఒంటె కూడా మర్యాదకు అదే మాట అంటుంది. ఆ కథ వదిలేసిన పుస్తకం ఎంత లావుగా ఉన్నా చిన్నపిల్లల సరుకే. దాని ధరకు పిన్నుల పుస్తకాలు కట్టగా వస్తాయి.