పాత లాప్‌టాప్‌కు ర్యామ్ కొనబోయే ముందు ఇది చదవండి

అమలాపురం నుంచి రాస్తున్నాను. పెద్ద ప్రోగ్రాములను సోర్సు (మనిషి రాసిన మూల కోడ్) నుంచి కంపైల్ చేసుకునేవారు, అంటే యంత్రం నడపగల రూపంలోకి మార్చుకునేవారు, మెమరీ చాలక పాత లాప్‌టాప్‌కు ర్యామ్ కొందామనుకుంటున్నవారు నాలాగా డబ్బు పోగొట్టుకోకూడదని జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

నాది నాలుగో తరం ఐ3 లాప్‌టాప్, అందులో 4 జీబీ ర్యామ్ ఉంది. చదువు కోసం ఎల్‌ఎల్‌వీఎం, క్లాంగ్ అనే కంపైలర్ ప్రోగ్రాముల సోర్సు తెచ్చుకుని కంపైల్ మొదలుపెడితే, గంటల తరబడి నడిచి, చివర లింకింగ్ (కంపైలైన ముక్కలన్నిటినీ ఒక్క ప్రోగ్రాముగా కలిపే దశ) దగ్గరకు వచ్చేసరికి మౌస్ కూడా కదలకుండా యంత్రం బిగుసుకుపోయి, కాసేపటికి ‘కిల్డ్’ అన్న ఒక్క మాట తెర మీద వేసి ఆగిపోయేది. నాన్నగారు కొబ్బరి దింపు డబ్బులోంచి 1,800 రూపాయలు తీసి ఇస్తే, రావులపాలెం మీదుగా గౌతమి వంతెన దాటి రాజమహేంద్రవరం వెళ్లి, ఒక దుకాణంలో 8 జీబీ ర్యామ్ స్టిక్ కొన్నాను. ఆ దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు.

మొదట ఇచ్చిన స్టిక్ వేస్తే తెర వెలగనే లేదు. దాని మీద పీసీ3-12800ఎస్ అని ఉంది, నా లాప్‌టాప్‌కు కావలసింది పీసీ3ఎల్-12800ఎస్. ఆ ‘ఎల్’ ఒక్క అక్షరంలోనే తేడా అంతా ఉంది: ఎల్ ఉన్నది 1.35 వోల్టుల మీద నడుస్తుంది, లేనిదానికి 1.5 వోల్టులు కావాలి. ఎల్ రకాన్ని 1.5 వోల్టుల యంత్రంలో వేసినా పనిచేస్తుంది గానీ, 1.35 వోల్టులే ఇచ్చే యంత్రంలో ఎల్ లేని మామూలు డీడీఆర్3 (పీసీ3 అని రాసి ఉండే ర్యామ్ రకం) పనిచేయదు. రెండింటికీ గాడి ఒకేచోట ఉంటుంది కాబట్టి స్లాటులో చక్కగా దిగిపోతాయి, దిగింది కదా అని మనం నమ్ముతాం. డెస్క్‌టాప్ వాడేవారికి ఇంకో సంగతి: చవగ్గా దొరికే కొన్ని డీడీఆర్3 స్టిక్‌లు ఏఎమ్‌డీ బోర్డుల మీద మాత్రమే నడుస్తాయి, ఇంటెల్ బోర్డు మీద నడవవు.

మర్నాడు మళ్లీ వెళితే, “ఆయ్, ఇది కంపెనీ సరుకేనండి, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి” అంటూ దుకాణదారు రెండో స్టిక్ ఇచ్చారు. అది పనిచేసింది, మొత్తం 12 జీబీ చూపించింది. అంతటితో సమస్య తీరిందనుకోవడమే నేను చేసిన పొరపాటు. ఈసారి కంపైల్ వేరే రకంగా విరిగేది: ‘ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్, సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అని ఒకసారి ఒక ఫైలు దగ్గర, మళ్లీ మొదలుపెడితే ఆ ఫైలు సాఫీగా దాటి ఇంకెక్కడో ఆగేది. సోర్సులోనే తప్పుందేమోనని వారం రోజులు వృథా చేశాను.

ఈ రెండు లక్షణాలనూ వేరుగా గుర్తుపట్టడం చాలా ముఖ్యం. మెమరీ చాలకపోతే ప్రోగ్రాము సాధారణంగా బరువైన ఫైళ్ల దగ్గరో లింకింగ్‌లోనో చనిపోతుంది, కర్నెల్ లాగ్ (ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకునే చిట్టా) తెరిచి చూస్తే ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని, ఏ ప్రోగ్రామును చంపిందో పేరుతో సహా ఉంటుంది. లాగ్‌లో అలాంటిదేమీ లేకుండా, మెమరీ బోలెడంత ఖాళీగా ఉండగా, ప్రతిసారీ వేర్వేరు చోట్ల కంపైలరే కూలిపోతుంటే మొదట ర్యామ్‌ను అనుమానించాలి. పదో రోజు రాత్రి పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రాము నడిపాను. అరగంట గడవకముందే ఎర్ర గీతలు వరసగా వచ్చాయి. పాత 4 జీబీ స్టిక్ ఒక్కటే ఉంచి తెల్లవారే వరకు నడిపితే ఒక్క తప్పూ రాలేదు. కొత్త స్టిక్ తీసి దీపం కింద పరీక్షగా చూస్తే స్టిక్కర్ అంచు లేచి ఉంది, గోటితో ఎత్తితే దాని కింద మాసిపోయిన ఇంకో స్టిక్కర్ కనిపించింది. పాత సరుకుకు కొత్త ముఖం వేసి అమ్మారన్నమాట.

దుకాణానికి వెళితే, వారం దాటితే వాపసు లేదన్నారు. నా దగ్గర ఉన్నది తెల్లకాగితం మీద అంకె వేసి ఇచ్చిన చీటీ మాత్రమే, అందులో జీఎస్‌టీ నంబరు లేదు, స్టిక్ సీరియల్ నంబరూ లేదు. కాబట్టి సీరియల్ నంబరు రాసిన బిల్లు ఇవ్వనిచోట ర్యామ్ కొనకండి. కొన్న రాత్రే స్లాటులో ఆ ఒక్క స్టిక్ ఉంచి మెమ్‌టెస్ట్ కనీసం ఒక పూర్తి విడత నడపండి.

నన్ను ఇంకా ఎక్కువగా బాధపెట్టింది ఏమిటంటే, అసలు నాకు ఆ ర్యామ్ అవసరమే లేదు. పాత 4 జీబీ మీదే, 8 జీబీ స్వాప్ ఫైలు (ర్యామ్ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు) పెట్టి, తప్పులు వెతికే సమాచారంతో బరువెక్కే డీబగ్ బిల్డ్ బదులు రిలీజ్ బిల్డ్ ఎంచుకుని, ఒకేసారి నాలుగు పనులు నడిపే బదులు ఒక్కటే నడిపి, ఎల్‌ఎల్‌వీఎం అమరికల్లో లింకింగ్ పనుల సంఖ్య కూడా ఒకటికి తగ్గిస్తే కంపైల్ పూర్తయింది. ఒకటిన్నర రోజు పట్టింది, నడుమ కరెంటు పోయి ఒకసారి ఆగింది, కానీ కంపైల్ పనులను వరసగా నడిపే నింజా అనే ప్రోగ్రాము ఆగినచోటు నుంచే అందుకుంది. ఇంకా పాత, 32 బిట్ల సిస్టమ్ వాడేవారైతే ర్యామ్ కోసం అసలు తొందరపడవద్దు. అక్కడ లైనక్సులో మామూలుగా ఒక్కో ప్రాసెస్‌కు 3 జీబీ మించి దక్కదు కాబట్టి, ఎంత ర్యామ్ పెట్టినా ఒక్క పెద్ద లింకింగ్‌కు ఆ గోడ అడ్డమే.

స్టిక్కర్ల ఫొటోలు, మెమ్‌టెస్ట్ తెర ఫొటో, డబ్బు పంపిన ఫోన్ రసీదు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు ఇచ్చాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు ఉండదు. మీలో ఎవరికైనా ఇలాంటి రెండు పొరల స్టిక్కరు ఎదురైతే దాన్ని పీకి పారేయకండి, ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసి పెట్టుకోండి.