ఆటోక్యాడ్‌లో సొంత హ్యాచ్ నమూనాలు: చాలా ఏళ్లు వాడిన తర్వాత

హ్యాచ్ (హద్దు గీసిన చోటును గీతల నమూనాతో నింపడం) అనగానే చాలామంది డ్రాఫ్ట్స్‌మన్లకు సెక్షన్‌లో ఇటుక గోడకు వేసే ఏటవాలు గీతలు, కాంక్రీటుకు వేసే చుక్కలు గుర్తుకొస్తాయి. ఏ పదార్థం ఎక్కడుందో చెప్పడానికి అవి చాలు. ఇంటీరియర్, ల్యాండ్‌స్కేప్ వర్కింగ్ డ్రాయింగులు గీసే నన్ను మాత్రం, కంప్యూటరులో డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేరైన ఆటోక్యాడ్‌లో ఇన్నేళ్లుగా కట్టిపడేసిన సౌకర్యం వేరు. కావలసిన నమూనాను నోట్‌ప్యాడ్‌లో నాలుగు వరుసల అంకెలుగా రాసుకుని, ప్యాట్ ఫైలుగా (హ్యాచ్ నమూనాలను దాచే అక్షర ఫైలు) భద్రపరచి, నేల మొత్తాన్ని అసలు కొలతలతో నింపుకోవచ్చు. నా పనిలో ఇంతగా అక్కరకు వచ్చినది మరొకటి లేదు.

600 మిల్లీమీటర్ల చదరపు టైలు సంగతే చూడండి. స్పేసరు, అంటే టైళ్ల మధ్య వదిలే సందు, 2 మిల్లీమీటర్లయితే నమూనాకు రెండే వరుసలు కావాలి: «0, 0,0, 0,602», «90, 0,0, 0,602». స్కేలు 1గా పెట్టి హాలు నింపితే, ఏ గోడ దగ్గర ఎంత ముక్క కోయాలో మేస్త్రీ రాకముందే తెలిసిపోతుంది. గుమ్మం ఎదుట సన్నని పీలిక పడుతుంటే హ్యాచ్ మూలబిందువును (నమూనా లెక్క మొదలయ్యే చోటు) కాస్త జరిపి, ఆ కోత వార్డ్‌రోబ్ కిందికి పోయేలా చూసుకోవచ్చు. స్పేసరును లెక్కలోకి తీసుకోకుండా 600 అని రాస్తే పదహారు టైళ్లకే 32 మిల్లీమీటర్ల తేడా వస్తుంది, డ్రాయింగులో చూపిన కోత సైటులో కనిపించదు.

తాండూరు బండను 600కు 300 చొప్పున సగం జరుపుతూ పరచాలంటే నిలువు సందుల వరుస «90, 0,0, 300,300, 300,-300» అవుతుంది. కోణం, మొదలయ్యే చోటు అయ్యాక వచ్చే రెండు అంకెలే ఇందులో కీలకం. వాటిలో మొదటిది గీత వెంబడి జరుగుబాటు, రెండవది గీతకు లంబంగా ఉండే ఎడం. చివరి 300,-300 అంటే 300 మేర గీత, 300 మేర ఖాళీ. ఈ రెండింటినీ కాగితపు అడ్డం, నిలువులతో ముడిపెట్టకుండా ఆ గీత దిశను బట్టే కొలవాలి. ఈ ఒక్క విషయం మనసుకు పట్టిన తర్వాత ఏ బండ పరుపునైనా అంకెల్లోకి మార్చడం నాకు నిజంగా ఇష్టమైన పని అయింది.

అయితే హైదరాబాదు శివార్లలోని ఒక ఫామ్‌హౌస్ డ్రాయింగు దగ్గర ఈ ఇష్టానికి పెద్ద పరీక్షే ఎదురైంది. అక్కడ నడకదారులకు తాండూరు బండ ముక్కలతో క్రేజీ ఫ్లోరింగ్ (ఒక ఆకారమంటూ లేని ముక్కల పరుపు) అనుకున్నారు. గీసిన బొమ్మను ప్యాట్ ఫైలుగా మార్చే ఒక చిన్న ఉపకరణాన్ని ఆఫీసు అప్పటికే కొని ఉంచింది. అది తయారు చేసిన క్రేజీ నమూనాను ఎన్నో ఇళ్ల ప్లాన్లలో ఏ ఇబ్బందీ లేకుండా వాడాము. ఈ సైటు ప్లానులో అదే నమూనాను నింపితే ముక్కల మూలలు కలవలేదు. కొన్ని గీతలు పక్క ముక్క మధ్యలోకి చొచ్చుకుపోయాయి, కొన్ని దేనికీ తగలకుండా విడిగా నిలిచిపోయాయి. తెరను తాజా చేసినా, ఫైలులో లోపాలను వెతికే ఆడిట్ చేసినా, ప్రింటు తీసినా అదే చిందరవందర. ఖాళీ డ్రాయింగులో వేస్తే మాత్రం నమూనా ముత్యాల పేరులా కుదిరేది.

తేడా అంతా డ్రాయింగు ఉన్న చోటులోనే ఉంది. సర్వే డ్రాయింగు యూటీఎం (భూమి మీది చోట్లను మీటర్లలో చెప్పే పటాల పద్ధతి) 44వ జోన్ కోఆర్డినేట్లలో వచ్చింది. హైదరాబాదు ప్రాంతంలో నార్తింగ్, అంటే భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికి దూరం, 19 లక్షల మీటర్లు దాటుతుంది. మిల్లీమీటర్లలోకి మార్చాక సైటు, డ్రాయింగు మూలబిందువైన సున్నా సున్నాకు 190 కోట్ల యూనిట్ల పైచిలుకు దూరంలో కూర్చుంది. హ్యాచ్ నమూనా మాత్రం, మనం మరో చోటు చెప్పకపోతే, సున్నా సున్నా నుంచే లెక్క మొదలుపెడుతుంది. ప్యాట్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే ఆ ఉపకరణం ప్రతి అంకెనూ నాలుగు దశాంశ స్థానాలకే కుదించి రాసినట్టు తేలింది. 600 మిల్లీమీటర్ల గళ్ల మీద, అడ్డంగా రెండు గళ్లకు నిలువుగా ఒక గడి చొప్పున వాలుతో పోయే గీత కోణం 26.56505118 డిగ్రీలు, ఫైలులో ఉన్నది 26.5651. కంటికి ఆనని ఈ తేడా 190 కోట్ల యూనిట్ల దూరంలో మీటరున్నర దాటుతుంది. ఆ గీతల మధ్య ఎడం 268.32815730కి బదులు 268.3282 అయింది. దాదాపు అరవై లక్షల సార్లు పునరావృతమయ్యేసరికి ఇది మరో పాతిక సెంటీమీటర్లు కలుపుతుంది. ఒక్కో వాలు గీతల గుంపు ఒక్కో మేరకు తప్పుకుంటుంటే మూలలు ఎలా కలుస్తాయి?

కారణం తెలిశాక మందు తేలికగానే దొరికింది. సర్వే కోఆర్డినేట్లు కదలకూడదు కాబట్టి డ్రాయింగును జరపకుండా, హ్యాచ్ మూలబిందువును నిర్ణయించే హెచ్‌పీఆరిజిన్ విలువను నడకదారి మొదటి మూలకు మార్చి నమూనాను మళ్లీ నింపాను. లెక్క అక్కడి నుంచే మొదలవడంతో గీతలన్నీ వాటి చోటికి వచ్చాయి. తర్వాత కోణాలను, ఎడాలను స్ప్రెడ్‌షీట్‌లో ఎనిమిది దశాంశ స్థానాలకు లెక్కగట్టి ప్యాట్ ఫైలును తిరగరాశాను. ఇప్పటికీ సర్వే మీద గీసే ప్రతి సైటు ప్లానులో ముందుగా హ్యాచ్ మూలబిందువును మార్చిన తర్వాతే హ్యాచ్ జోలికి పోతాను.

నాలుగు వరుసలు చాలన్న మాట చదరపు టైళ్లకు, సగం జరిపిన బండలకు వర్తిస్తుంది. నమ్మదగిన క్రేజీ నమూనాకు డెబ్బై ఎనభై వరుసలు పడతాయి. అవి సరిపడా లేకపోతే అదే ముక్క పదే పదే కనబడి, నేల అచ్చు గుద్దినట్టు ఉంటుంది. ప్యాట్‌లో వంపు గీతకు చోటు లేదు. చేప పొలుసుల లాంటి పరుపు కావాలంటే వంపును చిన్న చిన్న సరళరేఖలుగా విడగొట్టాలి, అప్పుడు ఫైలు బరువెక్కుతుంది. అలాంటి వాటికి నేను ఆటోక్యాడ్‌తో వచ్చే అదనపు ఉపకరణాలైన ఎక్స్‌ప్రెస్ టూల్స్‌లోని సూపర్‌హ్యాచ్‌ను (బొమ్మనో బ్లాకునో నమూనాగా పరిచేది) వాడతాను, కానీ తర్వాత దిద్దడంలో అది మామూలు హ్యాచ్ అంత సుఖంగా ఉండదు. నింపిన నమూనా డ్రాయింగులోనే నిక్షిప్తమై ఉంటుంది కాబట్టి కాంట్రాక్టరు దగ్గర ప్యాట్ ఫైలు లేకపోయినా నేల కనిపిస్తుంది. ఆయన ఆ నమూనా జాబితాలోంచి ఎంచుకుని కొత్త గది నింపుకోవాలంటే మాత్రం ఫైలు కూడా పంపాల్సిందే.

నేల పరుపు డ్రాయింగులే ప్రధానంగా గీసేవారికి, అంకెలతో కూర్చునే ఓపిక ఉన్నవారికి దీన్ని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. మునిసిపల్ అనుమతి ప్లాన్ల వరకే పని ఉన్నవారికి సిద్ధంగా వచ్చే నమూనాలు సరిపోతాయి, ఇంత శ్రమ అక్కర్లేదు. భవనాన్ని మోడలుగా గీసే సాఫ్ట్‌వేరైన రెవిట్‌లోకి మారుతున్నవారు పాత ప్యాట్ ఫైళ్లను అక్కడికి తీసుకుపోవచ్చు కానీ, టైపు మోడల్ అనీ యూనిట్లు మిల్లీమీటర్లనీ చెప్పే రెండు వరుసలను చేర్చుకుని, ఒక గదిలో కొలిచి చూసుకున్నాకే మిగతావాటిని ఎక్కించడం మేలు.