ఎల్బీనగర్ కోర్టులో మా లాయర్ మేడం: విడాకులు, బాబు కస్టడీ, ఫ్లాట్ లెక్క

ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులో ఫ్యామిలీ కేసులు చూసే ఒక లాయర్ మేడం గురించి రాస్తున్నాను. పేరు పెట్టడం లేదు. లాయర్లు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ రూల్ ఉంది, అందుకే తన పేరు ఎక్కడా రాయొద్దని ఆవిడే అడిగారు. అయినా మంచి ఫ్యామిలీ లాయర్ పని ఎలా ఉంటుందో తెలిస్తే, ఆ గుమ్మం ఎక్కబోయేవాళ్లకి ఎవరిని నమ్మాలో అర్థమవుతుంది.

నేను వనస్థలిపురంలో ఉంటాను. ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా బాబుకి ఏడేళ్లు. మా ఆయన వేసిన విడాకుల పిటిషన్ నోటీసు చేతికొచ్చాక లాయర్ల కోసం తిరిగాను. ముందు కలిసిన ఒకాయన నా మాట సగం కూడా వినకుండానే, "అత్తమామల మీద, ఆడపడుచు మీద కలిపి 498ఏ పెట్టేద్దాం, వాళ్లే దారికొస్తారు" అన్నారు. 498ఏ అంటే భార్యని వేధించారని భర్త మీద, అత్తింటివాళ్ల మీద పెట్టే క్రిమినల్ కేసు. ఇంకొకాయన ఫ్లాట్‌లో వచ్చే వాటాలో పర్సెంటేజ్ అడిగారు. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం మన దేశంలో లాయర్లకి నిషిద్ధం అని నాకు తర్వాత తెలిసింది. ఎవరైనా అలా అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మేడం మొదటి రోజే సూటిగా అడిగారు. "కొట్టారా? కట్నం కోసం వేధించారా? ఉన్నది ఉన్నట్టు చెప్పమ్మా." లేదండీ, కలిసి బతకలేకపోయాం అన్నాను. "అయితే జరగనిది నేను రాయను. జరిగుంటే గృహహింస కేసు ఈ రోజే వేసేదాన్ని" అన్నారు. ఆ మాటతోనే ఆవిడకి వకాల్తా ఇచ్చాను. ఫీజు మొత్తం లెటర్‌హెడ్ మీద రాసిచ్చారు. 80,000 రూపాయలు, మూడు విడతలుగా. చివరిదాకా ఆ అంకె మారలేదు.

మా ఆయన పిటిషన్‌కి జవాబు, అంటే కౌంటర్, ఇంగ్లీషులో డ్రాఫ్ట్ చేసినా, సంతకం పెట్టించే ముందు ఒక్కో పేరా తెలుగులో చదివి వినిపించారు. కేసు తేలేలోపు ఇవ్వాల్సిన మధ్యంతర భరణం పిటిషన్ దగ్గర ఆవిడ పనితనం బాగా తెలిసింది. రజనేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు 2020లో ఇచ్చిన తీర్పు ప్రకారం భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం వివరాలతో అఫిడవిట్ వేయాలి. అందులో నా జీతం, పీఎఫ్, చీటీ డబ్బులతో సహా రాయించారు. "మనం దాస్తే, వాళ్లు దాచింది అడిగే హక్కు మనకి ఉండదు" అన్నారు. అటువైపు జీతం తక్కువ చూపించారు. కానీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు బయటికి రాగానే అసలు లెక్క తేలింది. ఆ తర్వాతే అవతలివాళ్లు రాజీకి మెత్తబడ్డారు.

ఫ్యామిలీ కోర్టులో రాజీ కుదర్చడానికి ప్రయత్నించడం జడ్జిగారి బాధ్యత. మమ్మల్ని మీడియేషన్‌కి, అంటే మధ్యవర్తి ముందు కూర్చుని మాట్లాడుకోవడానికి పంపారు. అక్కడ మా ఆయన వేసిన పిటిషన్ పక్కనపెట్టి, పరస్పర అంగీకారంతో విడిపోవడానికి, అంటే హిందూ వివాహ చట్టం 13బి కింద వెళ్లడానికి ఒప్పుకున్నాం. మామూలుగా మొదటి పిటిషన్‌కీ (దీన్నే మొదటి మోషన్ అంటారు), ఇద్దరూ మళ్లీ కోర్టుకొచ్చి విడాకులు అడిగే రెండో మోషన్‌కీ మధ్య ఆరు నెలలు ఆగాలి. మేం విడిగా ఉంటూ రెండేళ్లు దాటింది, పిల్లాడి విషయం, డబ్బు విషయం తేలిపోయాయి. అలాంటప్పుడు ఆ గడువు మాఫీ చేయొచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. మేడం ఆ పిటిషన్ కూడా వేశారు, మాఫీ వచ్చింది.

మా వైపు పెద్దమనుషులు మాత్రం ఈ గోలంతా ఎందుకు, స్టాంపు పేపరు మీద రాసుకుని విడిపోండి అని ఒకటే పోరు. ఆచారంగా అలాంటి విడాకులు ఉన్న కులాల్లో తప్ప ఆ కాగితం చెల్లదు, అక్కడ కూడా ఆ ఆచారాన్ని నిరూపించాలి. మేడం మా మేనమామని కూర్చోబెట్టి ఇదే ఓపిగ్గా చెప్పారు. "రేపు ఈ అమ్మాయి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ స్టాంపు పేపరు నిలబడదు బాబాయ్‌గారూ." ఆ తర్వాత ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కస్టడీ గురించి నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. ఐదేళ్ల లోపు పిల్లలు సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని చట్టం చెబుతుంది. మా వాడికి ఆ వయసు దాటింది. ఇక చూసేది బిడ్డ క్షేమమే, తల్లి హక్కూ తండ్రి హక్కూ ఆ తర్వాత. జడ్జిగారు బాబుని ఛాంబర్‌లో ఒంటరిగా మాట్లాడించారు. ముందురోజు మేడం నాకు ఫోన్ చేసి, "వాడికి ఏం చెప్పాలో నేర్పొద్దు. రాత్రి బాగా నిద్రపుచ్చి, పొద్దున టిఫిన్ పెట్టి తీసుకురా, చాలు" అన్నారు.

రాజీ పత్రంలో బాబు గురించి రాసిన పేజీలే ఎక్కువ. ఉండేది నా దగ్గర. రెండో శనివారం, నాలుగో శనివారం ఉదయం పదింటికి వాళ్ల నాన్న తీసుకెళ్లి ఆదివారం సాయంత్రం ఆరింటికి దింపాలి. దసరా సెలవుల్లో, వేసవి సెలవుల్లో సగం సగం. సంక్రాంతి ఒక ఏడు ఇక్కడ, ఒక ఏడు అక్కడ. పేరెంట్ టీచర్ మీటింగ్‌కి ఇద్దరూ వెళ్లొచ్చు. అటువైపు లాయర్ పిల్లాడిని అప్పగించే చోటు కోర్టు ఆవరణ అని రాస్తే మేడం కొట్టేశారు. వాడు పోలీసుల మధ్య నాన్నని కలవకూడదని మా అమ్మగారి అపార్ట్‌మెంట్ గేటు దగ్గర అని రాయించారు. ఆ ఒక్క వాక్యానికి నేను ఆవిడకి జన్మంతా రుణపడి ఉంటాను. ఒక దశలో విసిగిపోయి, వాళ్ల డబ్బు నాకేమీ వద్దు, బాబు దగ్గరుంటే చాలు అన్నాను. "నీ భరణం నీ ఇష్టం. వాడి భరణం వదిలేసే హక్కు నీకు లేదు, అది వాడిది" అని గట్టిగా చెప్పారు. స్కూలు ఫీజు నేరుగా స్కూలుకే కట్టాలని, నెల ఖర్చు ఏటా పది శాతం పెరగాలని పెట్టించారు.

ఇక ఆస్తి. విడాకులైతే అన్నీ చెరిసగం అని చాలామంది అనుకుంటారు, మన చట్టంలో అలా లేదు. ఎవరి పేరు మీద ఉంది, ఎవరి డబ్బు పడింది అన్నదే లెక్క. మా నాన్న పసుపు కుంకుమ కింద గిఫ్ట్ డీడ్ చేసిచ్చిన అరెకరం జోలికి మీడియేషన్‌లో వాళ్లు రాబోతే, మేడం డీడ్, పాస్‌బుక్ రెండూ బల్ల మీద పెట్టారు. అక్కడితో ఆ మాట ఆగిపోయింది. బంగారం స్త్రీధనం, నాదే. జాయింట్ లాకర్‌లో ఉంది కాబట్టి ఇద్దరి ముందూ తెరిపించి, హారం, వడ్డాణం, గాజుల జతలు ఒక్కోటీ పెళ్లి ఆల్బమ్ ఫొటోలతో సరిచూసి, తూకం రాసి, సంతకాలు తీసుకున్నారు.

ఫ్లాట్ ఇద్దరి పేరు మీద ఉంది, హోమ్ లోన్ కూడా ఇద్దరిదీ. ఆయన ఫ్లాట్ ఉంచుకుని నా వాటా డబ్బు ఇవ్వాలని ఒప్పందం. ఇక్కడ మేడం చెప్పకపోతే నాకు అసలు తట్టేది కాదు: రాజీలో ఏం రాసుకున్నా బ్యాంకుకి సంబంధం లేదు. లోన్‌లో నా పేరు ఉన్నంతకాలం, ఆయన ఈఎంఐ కట్టకపోతే బ్యాంకు నా వెంటే పడుతుంది, నా సిబిల్ స్కోరే పోతుంది. అందుకని వరుస రాయించారు. ముందు లోన్ నుంచి నన్ను తప్పించినట్టు బ్యాంకు లెటర్ రావాలి. ఆ తర్వాతే నేను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో హక్కు విడుదల పత్రం మీద సంతకం పెడతాను. డబ్బులో సగం మొదటి మోషన్ రోజు డీడీగా, మిగతా సగం రెండో మోషన్ రోజు జడ్జిగారి ముందే. బ్యాంకు లెటర్ ఆలస్యమై అవతలివాళ్లు ముందు సంతకం పెట్టేయమని ఒత్తిడి చేసినా మేడం ఒప్పుకోలేదు.

ఇబ్బందులూ చెప్పాలి. ఆఫీసు మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. మా అమ్మ మోకాళ్లతో ఎక్కలేకపోయింది. చిన్న వాయిదాలకి జూనియర్ వస్తారు, ఆ అమ్మాయికి మన ఫైల్ పూర్తిగా తెలియదు. రాత్రి ఏడు దాటితే మేడం ఫోన్ ఎత్తరు. గుమాస్తా ఖర్చులకి రశీదు ఇవ్వరు, అది నాకు నచ్చలేదు. వాయిదా తేదీ కోసం ఫోన్లు చేయకుండా ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబర్ (మన కేసుకి ఇచ్చే నంబర్) కొట్టి చూసుకోవడం అలవాటు చేసుకోండి. అవతలివాళ్ల మీద పగ తీర్చుకోవాలనుకునేవాళ్లకి ఈ మేడం సరిపోరు. పిల్లలున్నవాళ్లు, ఉమ్మడి లోన్ ఉన్నవాళ్లు ఇలాంటి లాయర్‌నే వెతుక్కోండి.

ఫీజు కట్టలేని ఆడవాళ్లు భయపడొద్దు. ఆదాయంతో పని లేకుండా మహిళలకి ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార చట్టం చెబుతోంది. 15100కి ఫోన్ చేయండి, లేదా మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. ఎవరి దగ్గరికి వెళ్లినా మొదటిసారే శుభలేఖ, పెళ్లి ఫొటో, ఆధార్, ఇంటి డాక్యుమెంట్లు, లోన్ స్టేట్‌మెంట్, పిల్లల స్కూలు ఫీజు రశీదులు జిరాక్స్ తీసుకెళ్లండి. ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచండి.