ఇంటి చుట్టూ గులకరాళ్ళు: ఏళ్ళ తరబడి వాడి చూశాక

‘పెబుల్స్ పోయించేస్తే ఇంక మెయింటెనెన్స్ ఉండదండీ’ అని అమ్మేవాళ్ళు చెప్పే మాట నమ్మకండి. పని ఉంటుంది, కాకపోతే వేరే రకం పని. అయినా ఒక్కచోట మాత్రం ఎవరేం చెప్పినా వాటిని తీయించను. అది చూరు కింద.

మాది విశాఖలో ఎంవీపీ కాలనీ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి ఇంటి ముందున్న వేపచెట్టు కూలిపోయాక, ఆ ఖాళీలోనూ ఇంటి చుట్టూ సందులోనూ రాళ్ళు పోయించాం. తెల్ల పాలరాతివి, నది గులకరాళ్ళు, గేటు దగ్గర నల్లగా నిగనిగలాడేవి.

అంతకుముందు వాన పడితే చూరు నీళ్ళకి ఎర్రమట్టి ఎగిరి గోడ మీద మోకాలెత్తు మరకలు కట్టేది. రంగు వేయించినా మళ్ళీ అదే గోల. గోడ వెంబడి రెండడుగుల వెడల్పున నది రాళ్ళు పడ్డాక చిందడం ఆగింది. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టి రోజంతా కురిసినా అక్కడ బురద లేదు. ఒక్క జాగ్రత్త: రాళ్ళు పోసేముందు మట్టిని గోడకి దూరంగా వాలు ఉండేలా సర్దించాలి. లేకపోతే నీళ్ళు కనిపించకుండా పునాది పక్కనే నిలుస్తాయి.

చెట్టు కింద మాత్రం వద్దు. మా బాదంచెట్టు ఆకులు రాల్చే రోజుల్లో చూడాలి. చీపురుతో ఊడిస్తే రాళ్ళూ వస్తాయి, ఊడవకపోతే ఆకులు కుళ్ళి సందుల్లో మట్టవుతాయి. ‘ఏటమ్మా ఇది, ఈ రాళ్ళల్లో ఆకులేరడం కంటే మడిలో కలుపు తీయడం నయం’ అంది పనిచేసే ఆవిడ. కింద జియో షీటు (కలుపు రాకుండా పరిచే, నీళ్ళు దిగే గుడ్డలాంటిది) వేసినా ఆ కొత్త మట్టిలో గరిక మొలుస్తుంది. తుంగ అయితే షీటునే పొడుచుకుని పైకొస్తుంది. షీటు బదులు ప్లాస్టిక్ పరిస్తే చాలంటారు గానీ, దాంతో వాన నీరు నేలలోకి ఇంకదు.

తెల్లరాళ్ళ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎండ తగలని వైపు మొదటి వానాకాలానికే పచ్చగా నాచు పట్టాయి. బాత్రూం యాసిడ్‌తో కడిగితే మెరుస్తాయని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేటే. ఒక రాయి మీద నిమ్మరసం చుక్క వేసి చూడండి, చిన్న బుడగలు వస్తాయి, ఆరాక ఆ చోట నునుపు పోయి గరుకుగా తగులుతుంది. బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టి బాగా కడిగితే చాలు, ఆ నీళ్ళు మొక్కల వైపు పోకుండా చూసుకోండి.

అసలు నష్టం నూరువరహాల మొక్కలకి జరిగింది. వాటికి ఆమ్ల గుణమున్న మట్టి కావాలి. పాలరాతి ముక్కల మీదుగా నీళ్ళు దిగేకొద్దీ మట్టి క్షార గుణానికి తిరిగి, ఇనుము వేళ్ళకి అందదు. లేత ఆకులు పసుపైపోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. మేం ఎరువు లేకనేమో అనుకుని పేడ వేస్తూ పోయాం. చివరికి నర్సరీ ఆయన చెబితే ఆ రాళ్ళు ఎత్తించి, చీలేటెడ్ ఐరన్ (వేళ్ళు తేలిగ్గా పీల్చుకునే రూపంలో ఉన్న ఇనుము) వేశాకే కొత్త చిగుళ్ళు పచ్చగా వచ్చాయి. నది రాళ్ళు చాలావరకు పలుగురాయి జాతివి, నిమ్మరసానికి ఉలకవు పలకవు. కొనేముందు ఈ పరీక్ష కొట్లోనే చేసుకోవచ్చు.

ధర అడిగేముందు బరువు లెక్కేసుకోండి. రెండంగుళాల మందానికి చదరపు అడుగుకి ఏడెనిమిది కిలోలు పడుతుంది. అంటే యాభై కిలోల బస్తా ఆరేడు చదరపు అడుగులకే సరి. పలచగా చల్లితే నాలుగు రోజుల్లో మట్టి తేలుతుంది. మరీ చిన్న సైజు తెస్తే వీధి పిల్లులన్నీ మీ ఇంటికే వస్తాయి. ఆ వాసన సంగతి నన్ను అడక్కండి.

అంచులకి ఇనప పట్టీలు వేయించొద్దు, సముద్రపు గాలికి తుప్పు పట్టి రాళ్ళ మీదికి కారుతుంది. కడప రాయి బద్దలు పాతించాం, ఇప్పటికీ కదల్లేదు.

ఇక గేటు దగ్గర నల్లరాళ్ళు. కొట్లో చూసిన ఆ నిగనిగ చాలావరకు పైన పూసిన నూనెదే. ఎండకి బూడిద రంగుకి తిరిగాయి, తడిసినప్పుడే మళ్ళీ నల్లగా కనిపిస్తాయి. మీరు కొనేటట్టయితే ఒక రాయిని సబ్బునీళ్ళతో రుద్ది, ఆరాక ఏ రంగులో ఉందో చూసి తీసుకోండి.