చౌటుప్పల్ దగ్గర హైవే హోటల్: మా బ్యాచ్ భోజనం

మొన్న ఆదివారం మా సర్వేల్ గురుకులం బ్యాచ్ 21 మందిమి కలిశాం. పెళ్లాం పిల్లలతో కలిపితే 50 దాటాం. పీవీ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1971లో మొదలైన బడి మాది. బడి చూసి తిరిగొస్తూ, చౌటుప్పల్ దగ్గర హైవే పక్కన ఒక ఫ్యామిలీ రెస్టారెంట్లో మేడ మీది హాలు మాట్లాడుకున్నాం.

బగారన్నం, నాటుకోడి పులుసు బాగున్నాయి. కారం గట్టిగానే వేశారు, పిల్లల కోసం పెరుగు రెండుసార్లు తెప్పించాం. పప్పుచారు మాత్రం మా మెస్ చారు కంటే పల్చన. అడుగు కనబడే ఆ చారును ఆరేళ్లు తాగినవాళ్లం, ఈ మాట ఊరికే అనడం లేదు.

వడ్డించింది స్టీలు పళ్లాల్లో. ఒకడు తన పళ్లెం తిరగేసి వెనక నంబరు కోసం వెతికాడు! హాస్టల్లో మేకుతో నంబరు గీసుకునేవాళ్లం, ఇప్పటికీ కొందరిని నంబరుతోనే పిలుస్తాం. పోయినేడు చనిపోయిన మిత్రుడి భార్య కొడుకును తీసుకుని వచ్చింది. ఆ అబ్బాయి "మా నాన్న నంబరెంత అంకుల్?" అన్నాడు. నలుగురం ఒకేసారి చెప్పాం.

ఏసీ మధ్యాహ్నం రెండింటికే ఆగిపోయింది. బిల్లులో నాలుగు ప్లేట్లు ఎక్కువ వేశారు, అడిగితే గొణగకుండా తీసేశారు. సాయంత్రం ఐదయినా ఎవరూ లేవమనలేదు, టీ కూడా పైకే పంపారు. పార్కింగ్ ఇరుకు, బస్సు మాట్లాడుకుని వెళ్లండి.

మూడున్నర స్టార్లు. జనవరికి మళ్లీ ఇదే హాలు అడిగాం, ఏసీ బాగుచేయిస్తేనే అడ్వాన్స్ అని చెప్పొచ్చాం.